రెండో వైపు వినకుండా ర్యాంకులా?

ఈ కాలంలో పనిలేనివాడు చేసే మొదటి పని ర్యాంకులు వెయ్యడం. బిర్యానీకి ర్యాంకు, బడికి ర్యాంకు, బాబాలకు ర్యాంకు. వేస్తే వేశారు, మనకెందుకులే అని ఊరుకున్నాను. కానీ మొన్నామధ్య మా అక్క కొడుకు ఇంటికొచ్చి ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. ఉప్పల్ పారిశ్రామికవాడలో రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం వాడిది.

“మామా, గిది చూడు. ఎయిటీస్‌ల ఇళయరాజా తెలుగు ఆల్బమ్స్, టాప్ టెన్.”

చూశాను. ఒకటో స్థానంలో జగదేకవీరుడు అతిలోకసుందరి. నాలుగో స్థానంలో దళపతి. రుద్రవీణ ఎక్కడో తొమ్మిదోది. అన్వేషణ లేదు. ఆలాపన లేదు.

“ఎవడేసిండ్రా ఇది?”

“ఎవ్వడెయ్యలే మామా. వ్యూస్‌ని బట్టి అదే వస్తది.”

అదీ సంగతి. ఎవ్వడూ వినలేదు, ఎవ్వడూ తేల్చలేదు, ర్యాంకు మాత్రం వచ్చేసింది.

ముందు లెక్క సరిచూద్దాం. జగదేకవీరుడు వచ్చింది 1990 మే 9న. ఆంధ్ర తీరాన్ని తుపాను ఊడ్చేసిన రోజు అది. ఆ వానలో కూడా జనం థియేటర్లకు పోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గొప్ప పాటలే, కాదన్లేదు. కానీ ఎనభైలంటే 1980 నుంచి 1989 దాకా. దశాబ్దం 1981లో మొదలై 1990లో ముగుస్తుందని వాదించే లెక్కల మాస్టార్లు కొందరుంటారు, వాళ్ళ మాట పక్కన పెడదాం. మరి దళపతి? 1991. పైగా తమిళం నుంచి డబ్బింగ్ చేసుకున్న సినిమా. ఇట్లాంటివి రెండు జొరబడ్డాయంటే, అక్కడ ఉండాల్సినవి రెండు బయట నిలబడ్డాయన్న మాట.

మా రోజుల్లో ఇట్లా లేదు. మా రోజుల్లో ఉప్పల్ అంటే ఊరవతల. ఇప్పుడు రింగురోడ్డు మీద మెట్రో, దాని కింద స్కైవాక్, వరంగల్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి నిలబడ్డ ఫ్లైఓవర్ స్తంభాలు. అప్పుడు మూసీ నీళ్ళతో పెరిగిన పచ్చగడ్డి, వరి మడులు. ఉప్పల్ భగాయత్ అంటే పేరుకు తగ్గట్టు పొలాలూ తోటలే, గజాల లెక్కన వేలం పాడే ప్లాట్లు కావు. నాచారం అంటే ఫ్యాక్టరీల సైరన్. నేను లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. పొద్దంతా ఇనుము గీసే చప్పుడు విన్న చెవికి సాయంత్రం పాట పడకపోతే నిద్ర పట్టేది కాదు.

తమాషా ఏమిటంటే, సినిమా మా గడప ముందే ఉండేది. నాచారంలో ఎన్టీ రామారావు గారి రామకృష్ణా స్టూడియో, అటు రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. శుక్రవారం చిత్రలహరి మా పక్క వీధి నుంచే గాల్లోకి లేస్తోందని గర్వంగా ఉండేది. కానీ పాట మాత్రం మద్రాసులోనే పుట్టాలి. ఇళయరాజా ప్రసాద్ స్టూడియోలో పొద్దున్నే కూర్చుని నొటేషన్ రాసిచ్చేవారు, వయొలిన్ల వాళ్ళు చూసి వాయించేవారు, బాలు, జానకి వచ్చి పాడేవారు. అది క్యాసెట్టై, బస్సెక్కి, కోఠి దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఉప్పల్ చేరాలి.

ఉప్పల్ చేరిందంటే రికార్డింగ్ షాపుకు చేరిందని. ఇప్పటి పిల్లలు రికార్డింగ్ షాపంటే స్టూడియో అనుకుంటారు. కాదు నాయనా. నాలుగడుగుల డబ్బా. వెనకాల గోడ నిండా క్యాసెట్లు, ముందు ఒక డబుల్ డెక్కు. ఎడమవైపు అసలు క్యాసెట్, కుడివైపు మనం తెచ్చిన ఖాళీ క్యాసెట్. షాపువాడు ముల్లు ఎర్రగీత దాటకుండా మీట తిప్పేవాడు, మొదటి పాట పల్లవి దాకా హెడ్‌ఫోన్‌లో విని, తలూపి, అప్పుడు పక్కన పెట్టేవాడు. కాగితం మీద పాటలు రాసిచ్చి రెండురోజులాగితే తయారు. చట్టం లెక్కన ఆ షాపులన్నీ దొంగ సరుకే, ఆ సంగతి వేరే. కానీ షాపువాడికి చెవి ఉండేది. “ఈ పాట చరణంలో వయొలిన్ బాగుంటది, ఫుల్ వాల్యూమ్ పెట్టకు, పగుల్తది” అని చెప్పి ఇచ్చేవాడు. ఇప్పటి యాప్ ఏం చెబుతుంది? డబ్బు కడితే యాడ్లు రావని చెబుతుంది.

అసలు విషయం ఇక్కడుంది. అరవై నిమిషాల క్యాసెట్టంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. తెలుగు సినిమాకు ఐదారు పాటలు, పాటకు నాలుగున్నర నిమిషాలు. లెక్కేసుకోండి, సినిమా మొత్తం ఒక వైపున సర్దుకుంటుంది. మరి రెండో వైపు? రెండో వైపు ఇంకో సినిమా. కంపెనీ క్యాసెట్లు కూడా చాలావరకు అంతే, ముందు ఒక సినిమా, వెనక ఇంకో సినిమా. మనం డబ్బులు పెట్టేది మొదటి వైపు హిట్ కోసం. రెండో వైపు ఎవరూ అడగనిది, ఆడనిది, పోస్టర్ పది రోజుల్లో చిరిగిపోయినది. కానీ మొదటి వైపు అయిపోయి టక్కుమని ఆగాక, లేచి మళ్ళీ వెనక్కి తిప్పే ఓపిక లేక, తిరగేసి రెండో వైపు పెట్టేవాళ్ళం. అట్లా తెలిసింది ఆలాపన. 1986లో వంశీ తీసిన సినిమా, మోహన్, భానుప్రియ. సినిమా ఆడలేదు. నేనూ చూడలేదు. ఆ పాటలు మాత్రం, నాట్యం కోసం కట్టిన ఆ జతులూ, ఆ వేణువూ, నా లేత్ మిషన్ చప్పుడు పక్కన కూడా వినిపించేవి.

అందుకే అంటున్నాను, ఇళయరాజా ఎనభైలకు ర్యాంకు వెయ్యాలంటే కొలబద్ద ఒక్కటే. రెండో వైపు. ఎవరూ అడగని పాట ఎట్లా ఉందో చూసి చెప్పాలి. హిట్ పాట ఎవడైనా కడతాడు, ఆయన కాలంలో చక్రవర్తీ కట్టారు. ఆరో పాటకు కూడా అంతే శ్రద్ధగా వయొలిన్లు రాసినవాడు ఇళయరాజా.

ఆ కొలతన చూస్తే మొదటి స్థానం రుద్రవీణకు. ఇందులో నాకు సందేహం లేదు, మీకుంటే మీ ఇష్టం. 1988 మార్చిలో వచ్చింది. బాలచందర్ దర్శకుడు, చిరంజీవి హీరో, నిర్మాత ఆయన తమ్ముడు నాగబాబు. జాతీయ సమైక్యతకు నర్గీస్ దత్ అవార్డు వచ్చింది, డబ్బులు రాలేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్డు థియేటర్లో చిరంజీవి ఫైటింగ్ ఎప్పుడు చేస్తాడా అని చూసి చూసి నా వెనక వరస సగంలోనే లేచిపోయింది. కానీ ఆ సినిమా దేని గురించి? సంగీతం గురించే. జెమినీ గణేశన్ వేసిన బిళహరి గణపతి శాస్త్రికి సంగీతం అంటే దేవుడి గది, తలుపులు మూసి ఉండాలి. కొడుకు దాన్ని వీధిలోకి తేవాలంటాడు. ఇప్పుడు సంగీత దర్శకుడి కష్టం ఆలోచించండి. తండ్రి మాటలో బలం ఉండాలి, కొడుకు మాటలో అంతకంటే బలం ఉండాలి, రెండూ పాటలతోనే చెప్పాలి. ఒక పక్క త్యాగరాజ కీర్తన, ఇంకో పక్క చుట్టూ ఉన్న జనాన్ని చూడమని నిలదీసే పాట. జేసుదాసు, చిత్ర పాడిన యుగళగీతం విని కచేరీ అనుకుని తలూపితే, నడుమ వచ్చే వాద్యాలు అది కచేరీ కాదని గుర్తు చేస్తాయి. సిరివెన్నెల రాసిన మాటలకు ఆ పాటల్లో ఉన్న కసి మళ్ళీ ఆయన రాసినవాటిలోనే తక్కువ చోట్ల దొరుకుతుంది. ఇళయరాజాకు జాతీయ అవార్డు, బాలుకు జాతీయ అవార్డు. సినిమా ఫ్లాపు, పాటలు బతికాయి. తొమ్మిదో స్థానమట!

రెండోది అన్వేషణ, 1985. ఈ మాట అంటే మా వాడు నవ్వాడు. “థ్రిల్లర్ కదా మామా, దాంట్ల పాటలేంది?” అన్నాడు. అదే కదా విషయం. అడవిలో హత్యలు జరుగుతుంటాయి, ఒక అమ్మాయి పక్షుల కూతల మీద పరిశోధన చేస్తుంటుంది. వంశీ ఇచ్చిన ఆ ఒక్క నెపం పట్టుకుని ఇళయరాజా అడవినంతా ఆర్కెస్ట్రాగా మార్చేశారు. కీరవాణి రాగం పేరుతోనే మొదలయ్యే పాట ఒకటుంది. వేణువు అడుగుతుంది, వయొలిన్లు జవాబు చెబుతాయి, బేస్ గిటార్ కింద తన దారిన తాను ఇంకో పాట పాడుకుంటుంది. చిన్న టేప్ రికార్డర్లో ఆ బేస్ గిటార్ వినపడేది కాదు. మా ఫ్యాక్టరీలో ఒకాయన రెండు స్పీకర్ల సెట్టు కొన్నాక, ఆదివారం వాళ్ళింటికి పోయి విన్నప్పుడు తెలిసింది. ఇప్పుడు చెవుల్లో పెట్టుకునే బుడిపెల్లో అన్నీ వినపడతాయి, ఒప్పుకుంటాను. వినపడితే ఏం, వినేవాడు చరణం దాకా ఉంటే కదా.

సాగర సంగమం మూడోది. ఇక్కడ నా మీద రాళ్ళు వేసేవాళ్ళు ఉంటారని తెలుసు. 1983 జూన్, విశ్వనాథ్, కమల్ హాసన్, వేటూరి. జాతీయ అవార్డు ఇళయరాజాకు తెచ్చిన మొదటి సినిమా, బాలుకూ వచ్చింది. వానలో బావి అంచు మీద తాగి ఆడే ఆ నాట్యం చూసి కన్నీళ్ళు పెట్టుకోనివాళ్ళు ఉప్పల్ చుట్టుపక్కల ఉండి ఉంటే వాళ్ళతో నాకు పరిచయం లేదు. అయినా మూడోదే. ఎందుకంటే ఆ పాటలకు సగం బలం తెర మీది కమల్ ఇచ్చాడు. కళ్ళు మూసుకుని వింటే అన్వేషణ ఒక మెట్టు పైనుంటుంది. ఇది నా తీర్పు, అప్పీలు లేదు.

నాలుగోది అభినందన. 1988. కెమెరామన్ అశోక్ కుమార్ దర్శకత్వం, ఆత్రేయ ఒక్కరే రాశారు. క్యాసెట్ మొత్తం ఒకే తడి. నాచారం గదుల్లో ఉండే బ్రహ్మచారులందరికీ అది మేనమామ లాంటి క్యాసెట్, ఏ బాధ వచ్చినా దాని దగ్గరికే పోయేవాళ్ళు. ఒక్కటే ఇబ్బంది. టేప్ రికార్డర్లో సెల్లులు నీరసించాయంటే బాలు గొంతు మెల్లమెల్లగా జేసుదాసు గొంతయ్యేది. అప్పుడు ఏడుపు ఇంకా ఎక్కువయ్యేది.

గీతాంజలి ఐదోది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా, 1989 మే. వేటూరి మాటలు, ఊటీ పొగమంచు, అన్నీ బాగున్నాయి. అన్ని పాటలూ బాగుండటం దాని తప్పు కాదు. కానీ ఎవణ్ణి అడిగినా ముందు అదే పేరు చెబుతారు. మొహం చూడకుండా ఓటేసినట్టుంటుంది నాకు.

తర్వాతివి పోటాపోటీ. సితార పాటల్లో గోదారి మీద వెన్నెల గురించి జానకి పాడిన పాటకే ఆమెకు 1984లో జాతీయ అవార్డు. స్వర్ణకమలంలో నాట్యం వద్దనే పిల్ల అల్లరినీ, నాట్యం కావాలనే పట్టుదలనూ ఒకే పాటలో కుట్టిన పనితనం ఉంది. సీతాకోకచిలుక, 1981, దశాబ్దానికి తలుపు తీసింది. ఏడిద నాగేశ్వరరావు గారి పూర్ణోదయాకు ఒక్క దణ్ణం పెట్టాలి, సీతాకోకచిలుక, సాగర సంగమం, సితార, స్వాతిముత్యం అన్నీ ఆ సంస్థవే. ఇటు కె.ఎస్. రామారావు గారి అభిలాష, ఛాలెంజ్, రాక్షసుడు, మరణ మృదంగం వేరే వరస. ఇరానీ హోటల్లో చాయ్ గ్లాసులు కూడా తాళం వేసే పాటలవి. అభిలాషలో సందెపొద్దులకాడ పాట వస్తుంటే హోటల్ యజమాని బిల్లు అడగటం కూడా మరిచిపోయేవాడు. ఆఖరి పోరాటంలో లతా మంగేష్కర్ పాడారని ఒక్క పాట కోసం క్యాసెట్ కొన్నవాళ్ళున్నారు. ప్రేమ సినిమా పాటలు ఆత్రేయ చివరి రోజుల్లో వచ్చినవి. ఆయన 1989 సెప్టెంబరులో పోయారు.

శివ ఎక్కడా అని అడుగుతారు. శివకు నా వరసలో చోటు లేదు. శివ గొప్పతనం పాటల్లో లేదు, నేపథ్య సంగీతంలో ఉంది, అది క్యాసెట్లో లేదు. సైకిల్ చైన్ తెంపినప్పుడు థియేటర్లో వచ్చిన ఆ మోత ఏ షాపువాడూ ఎక్కించి ఇవ్వలేకపోయాడు.

నిజానికి ఆల్బమ్ అన్న మాట ఇంగ్లీషువాళ్ళ లెక్కన, సినిమాతో సంబంధం లేకుండా తీసుకుంటే ఇళయరాజా ఎనభైల్లో చేసినవాటిలో రెండు చెప్పుకోవాలి. 1986లో హౌ టు నేమ్ ఇట్, 1988లో నథింగ్ బట్ విండ్. మొదటిది త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితం, వి.ఎస్. నరసింహన్ వయొలిన్. రెండోదానిలో హరిప్రసాద్ చౌరాసియా వేణువు. మాటల్లేవు, హీరో లేడు, పోస్టర్ లేదు. ఉప్పల్ షాపువాడు వీటిలో ఒకదాన్ని నాకు అంటగట్టబోతే మాటల్లేని క్యాసెట్‌కు డబ్బులెందుకని మా ఆవిడ అడ్డుపడింది. తర్వాత ఇంట్లో అందరికంటే ఎక్కువ విన్నది ఆవిడే. మా వాడి టాప్ టెన్‌లో ఇవి రెండూ లేవు. ఉండవు. వ్యూస్ ఎక్కడివి?

ఇప్పుడు వినడమే మారిపోయింది. పల్లవి వినపడగానే వేలు జరుగుతుంది. రీలుకు కావలసింది ఇరవై సెకన్లు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ జరిగే రాత్రుల్లో మా డాబా మీదికి పాటలు వినపడతాయి. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య ఒక ముక్క, వికెట్ పడితే ఒక ముక్క, డప్పు కలిపి, వేగం పెంచి. పెళ్ళిలో స్వీటొక్కటే తిని లేచొచ్చి వంట అద్భుతం అన్నట్టుంది వ్యవహారం. పైగా యాప్‌లో ఆల్బమ్ పెడితే వరస మార్చి షఫుల్ చేస్తుంది. సంగీత దర్శకుడు విషాదగీతం తర్వాత హుషారు పాట ఎందుకు పెట్టాడో దానికేం తెలుసు?

ఇంకో ఘోరం, రాసినవాళ్ళ పేర్లు మాయం. క్యాసెట్ అట్ట మీద చీమంత అక్షరాలైనా వేటూరి, ఆత్రేయ, సిరివెన్నెల అని ఉండేది. చదవడానికి కళ్ళు చికిలించాల్సి వచ్చినా చదివేవాళ్ళం. ఇప్పుడు పాట పక్కన హీరో బొమ్మ, సంగీత దర్శకుడి పేరు, గాయకుడి పేరు. కవి పేరు వెతికితే దొరుకుతుంది, దొరికినదాంట్లో సగం తప్పు. వేటూరి 2010లో పోయారు, సిరివెన్నెల 2021లో పోయారు. వచ్చి దిద్దేవాళ్ళు కూడా లేరు. మా రోజుల్లో కూడా వయొలిన్, వేణువు, గిటార్ వాయించినవాళ్ళ పేర్లు అట్ట మీద ఉండేవి కావు. ఆ తప్పు అప్పటిదీ, ఇప్పటిదీ.

ఇళయరాజా మీద ఈమధ్య చాలామందికి కోపం. 2017లో బాలుకే లాయర్ నోటీసు పంపారని, పాట వాడితే ఊరుకోరని. నాకూ ఆ నోటీసు నచ్చలేదు. కానీ ఆయన పాటలతో ఎవరెవరో మేడలు కట్టారన్నది అబద్ధం కాదు. ఆ మనిషి 2025 మార్చిలో, ఎనభై ఒక్కేళ్ళ వయసులో, లండన్ వెళ్ళి రాయల్ ఫిల్‌హార్మానిక్ ఆర్కెస్ట్రాతో తాను రాసిన సింఫనీ వినిపించి వచ్చారు. మన దగ్గర మాత్రం ఆయన్ని ఇంకా టాప్ టెన్‌లో కుదిస్తున్నాం.

మా వాడికి నా వరస చెప్పాను. తల గోక్కున్నాడు. “గీతాంజలి అయిదోదా మామా? జనాలు కొడతరు,” అన్నాడు. కొట్టనియ్. కానీ వాడికొక షరతు పెట్టాను, మీకూ అదే చెబుతున్నాను. ఇళయరాజా ఎనభైలకు ర్యాంకులు వేసేముందు ఆలాపన పాటలన్నీ మొదటి నుంచి చివరి దాకా, వరస మార్చకుండా, మధ్యలో ఫోన్ ముట్టుకోకుండా వినండి. ఆ తర్వాత కూడా జగదేకవీరుడే ఒకటోదంటే రండి, ఉప్పల్ మెట్రో దిగితే మా ఇల్లు దగ్గరే, కూర్చుని పోట్లాడుకుందాం.